గౌరమ్మ ముగ్గుల పెట్టె

బరంపురం, లంజిపల్లి. సూర్యారావు ఇంట్లో కిటికీ ఉన్న వెనక గది, మధ్యాహ్నం భోజనాలయ్యాక. రైల్వేలో ఖలాసీగా చేరి ఫిట్టరుగా దిగిపోయిన సూర్యారావు ఒకడు, కంప్యూటర్లు బాగుచేసే దిలీప్ ఒకడు, మధ్యమధ్య వంటింట్లోంచి వచ్చే కోడలు అరుణజ్యోతి ఒకతె. మాటలన్నీ ఈ ముగ్గురివే. సూర్యారావు భార్య గౌరమ్మ పక్క గదిలో ఉంది.

“…లంజిపల్లి మొత్తానికి మొట్టమొదటి కంప్యూటరు ఇదే నాయినా. అలగ తేలిగ్గా తట్టకు. ఇది రిచ్చా దిగిన్నాడు గేటుబజారు దాకా జనం. కలెక్టరు జీపాపి, జోళ్ళు గుమ్మంలో ఇడిసి లోపలికొచ్చి, ‘సూర్యారావుగారూ, ఒక్కపాలి ముట్టుకోవచ్చా’ అనడిగినాడు.”

“కలెక్టరే?”

“ముట్టుకోనిచ్చినాను. ఎంతైనా పెద్ద ఉద్యోగం కదా.”

“బాగుంది మౌసా. ఇంతకీ స్విచ్చి ఎక్కడ?”

“బల్ల కిందన. ఒంగాల. నీ ఈడుకి ఒంగొచ్చు. బాబాయన్నా పలుకుతాను, మీ ఒడియాలో మౌసా అన్నా పలుకుతాను, ఒంగమంటే మాత్రం పలకను.”

“వేశాను. ఫ్యాను తిరుగుతోంది.”

“తిరుగుతాది. ఎర్ర దీపం కూడా ఎలుగుతాది. తెర మీద మాత్రం అమాస.”

“ఎన్నాళ్ళ నుంచి ఇలా?”

“ఇనాయక సవితప్పుడే కొంచెం నీరసం పట్టింది. విశ్వకర్మ పూజ ఎల్లిన మర్నాడు పూర్తిగా పడుకుండిపోయింది.”

“పూజకీ దీనికీ ఏటి సంబంధం?”

“ఏటీ నేదు. రోజు గుర్తుకి సెప్పినాను. నువ్వు పని సూడు.”

“మౌసా, సూటిగా చెప్తాను. ఇది చాలా పాతది. నా షాపుకి ఇలాంటివి వస్తే విప్పను కూడా, తూకానికి పంపేస్తాను. వీధిలో అందరూ మీ గురించి చెప్తే చూద్దామని వచ్చాను.”

“ఏటి సెప్తారు?”

“నమ్మొద్దని.”

“మంచోళ్ళు.”

“కొత్తది తీసుకోండి. టిఫిను డబ్బా అంత ఉంటుంది. గోడకి తగిలిస్తే కనబడను కూడా కనబడదు.”

“నాకైతే తీసుకుందును. నాకెందుకు కంప్యూటరు? నాది అయిదో తరగతి, అదీ మాస్టారు జాలిపడి ఇచ్చినాడు. ఇది మీ మౌసీది.”

“మౌసీ కంప్యూటరు వాడతారా?”

“వాడటవేటి. ముగ్గులేస్తాది దీంట్లో.”

“ముగ్గులు? దీంట్లోనా?”

“మోకాళ్ళు పోయినాయి దానికి. గుమ్మం ముందర గొంతుక్కూకోలేకపోయింది. ఎదరింటి ఒడియామ్మ మార్గశిర లచ్చివారాలకి పిండి కలిపి ఝొటి ఏస్తంటే, ఇది కిటికీలోంచి సూసి ముక్కు సీదీది. ‘అదేటి ముగ్గయ్యా, సుక్కే నేదు, సేతికొచ్చినట్టు పోసుకుపోతంది’ అనీది. ఏడుపు దాని ముగ్గు మీద కాదు, తన మోకాళ్ళ మీద. అప్పుడు మా మనవరాలు స్నేహ మీ మౌసీని తీసుకొచ్చి ఈ కుర్చీలో కూకోబెట్టి, ‘నానమ్మా, ఇక్కడ వెయ్యి, ఒంగక్కర్లేదు’ అంది.”

“నేర్చుకున్నారా?”

“నెల్లాళ్ళు తిట్టింది. ఆ తరవాత ఇడిసిపెట్టనేదు. సుక్కలు పెట్టి, గీతలు కలిపి, రంగు పోసి. అందులో కుంచె బొమ్ముంటాది సూడు, దాన్ని సీపురంటాది. రంగు పోసే డబ్బాని సెంబంటాది. సెరిపేదాన్ని మసిగుడ్డంటాది. సీపురు ఎడం పక్క, రంగులు కిందన. అదీ దాని వాకిలి.”

“పాత పెయింటు ప్రోగ్రాము అది. కొత్తవాటిలో అన్నీ పైకి వెళ్ళిపోయాయి.”

“అదే నాను సెప్పేది. ఒకపాలి సెలవలకొచ్చి స్నేహ తన లాప్‌టాప్ పెట్టింది దాని ముందర. ఎడం పక్క సీపురు కోసం ఎతికింది, ఎతికింది. ‘నా సీపురెవులెత్తుకుపోయినారు’ అని ఏడిసింది. అందుకే ఇదే బాగవ్వాల. ఇదే పెట్టె, ఇదే వాకిలి.”

“ఇప్పటికీ వేస్తారా?”

“ఏటి ప్రెశ్న అది. మద్దేనం కునుకు తీసి లెగిసిందంటే ముందడిగేది దీన్నే. ‘ఏవయ్యా, పెట్టె యెలిగించు, పొద్దోయింది, ముగ్గెయ్యాల’ అంటాది. కాఫీ కూడా తరవాతే. మతి పోతంది నాయినా దానికి. మనవరాలి పేరు పోయింది. కోడలి పేరు పోయింది. నా పేరంటావా, మొగుడి పేరని మొదట్నుంచీ పలికిందే నేదు, ఉందో పోయిందో నాకే తెల్దు. పెట్టె మాత్రం గుర్తు. ఇదీ పోతే మరింక దానికి గుర్తుండేది ఏటీ మిగల్దు.”

“…సరే. విప్పుతాను.”

“ఇప్పడమెందుకు? పైనుంచి సూడకూడదా?”

“పైనుంచి చూసి చెప్పేవాణ్ణి జ్యోతిష్యుడంటారు మౌసా.”

“ఎనక్కి తిప్పకు. అక్కడేటీ నేదు.”

“ఉంది. తెల్ల పెయింటుతో ఏడో నంబరు రాసుంది. పక్కన షాపు పేరు. ఇది నెట్ షాపు మెషిను.”

“అవును.”

“మొట్టమొదటి కంప్యూటరన్నారు కదా.”

“కొడల ఊల్లో బస్సులాగే కాడ నెట్టు షాపోడు దుకానం ఎత్తేస్తంటే తెచ్చినాం. అప్పటికి ఈ వీధిలో ఇంటికొకటుంది. మాదే ఆకర్ది.”

“మరి కలెక్టరు?”

“కలెక్టరెందుకొస్తాడు నాయినా మా యింటికి? కరెంటు మీటరు సూసే ఆయనొచ్చి మంచినీల్లు తాగెల్లినాడు. జోళ్ళు కూడా ఇప్పనేదు.”

“గేటుబజారు దాకా జనం?”

“అది నిజం. ఆ రోజు ఠాకురాణీ జాతర.”

“నేను పొలసరవాణ్ణి మౌసా. చదువుకునేటప్పుడు సైకిలేసుకుని కొడల వెళ్ళి ఆ షాపులోనే గేములాడేవాణ్ణి.”

“అయితే దీని ఆయుస్సు తిన్నోళ్ళలో నువ్వూ ఉన్నావు. ఇప్పుడు ప్రాచ్చిత్తం సేసుకో.”

“ఈ వైరు కొరికేసి ఉంది. ఎలక.”

“మా ఎలకే. దీంట్లో కాపరం పెట్టింది. దాని సంగతి సెప్పనా? మీ మౌసీ హంసల ముగ్గేసి, మంచినీల్లకని లెగిసిందా, ఇది బల్లెక్కి సేతిలో పట్టుకునే ఎలకుంటాది సూడు, దాని మీదెక్కి తిరిగింది. తిరిగితే ముగ్గు మూలన ఒక గీత పడింది. మీ మౌసీ వొచ్చి సూసి, ‘పోనీలే, ఒంకర నేదు’ అని ఉంచేసింది.”

“నమ్మమంటారు.”

“నీ ఇష్టం. వీధిలో అడుగు.”

“వీధిలో అడిగే వచ్చాను. మౌసా.”

“ఊఁ.”

“ఇదేటి?”

“ఏది?”

“ఈ ఎర్రది. బోర్డు మీద.”

“కుంకం.”

“ఇది?”

“గంధం. మంచి గంధవే, సింహాచలం నుంచి తెప్పించింది.”

“ఫ్యాను కింద ఈ బియ్యం గింజలు?”

“అచ్చింతలు.”

“లోపలికి ఎలా వచ్చాయి?”

“నడిసొస్తాయేటి? నానే ఏసినాను. రైల్వేలో విశ్వకర్మ పూజంటే ఏటనుకున్నావు? షెడ్డులో ఉన్న ప్రతి మెషినికీ బొట్టుండాల. ఇప్పుడున్నోళ్ళు పై రేకుకి ఒక సుక్క పెట్టి ఫొటో తీసుకుంటారు. మా మేస్త్రీ అలగ కాదు. ‘ఒరే, పని సేసేది రేకట్రా? లోపలున్నది కదా సేసేది. తలుపు తీసి లోపల పెట్టండి బొట్టు’ అనీవోడు. మూత తియ్యాల, గుండెకాయ ఎక్కడుందో సూడాల, అక్కడ పెట్టాల. అదీ పద్ధతి.”

“ప్రతి యేడూ ఇలాగే పెట్టారా?”

“ప్రతి యేడూ ఒక్క సుక్క. ఈ యేడు మనిసీ నీరసంగా ఉంది, మెషినూ నీరసంగా ఉంది. ఇద్దరికీ కలిపి మొక్కినాను. అందుకని కొంచెం ఎక్కువ పడింది.”

“ఎక్కువంటే?”

“పసుపునీల్లు జల్లినాను. మావిడాకుతోనే. సెంబుతో కాదు.”

“కరెంటు ఉండగానా?”

“తీసేసే జల్లినాను. నానేటి ఎర్రోణ్ణా? ఫిట్టర్ని.”

“పూర్తిగా ఆరాక ఆన్ చేశారా?”

“ఆరనిస్తారేటి? షెడ్డులో హారతి పల్లెం తిరుగుతుండగానే ఇంజను కూతెయ్యాల. హారతి కొండెక్కినాక కూతేస్తే అపశకునం. ఇక్కడా అంతే. కర్పూరం యెలుగుతుండగానే స్విచ్చేసినాను.”

“కూత వేసిందా?”

“ఒకటేసింది. సన్నగా.”

“ఈ జిడ్డు?”

“ఫేను గరగరమంటంటే నువ్వుల నూనె…”

“మౌసా.”

“రెండు సుక్కలే. తిరిగేదానికి నూనెయ్యకపోతే మరి ఏటి ఫిట్టరు?”

“టీ తీసుకో దిలీప్. మావయ్యా, మీకు చక్కెర తక్కువ వేశాను, మొహం అలా పెట్టకండి. ఏమంటోంది, బాగవుతుందా?”

“అక్కా, ఈ బోర్డుకి పసుపు, కుంకుమ, గంధం అన్నీ అయిపోయాయి. ఇంక పేరంటానికి పిలవడమే మిగిలింది.”

“నేనప్పుడే చెప్పాను, వద్దు మావయ్యా అని.”

“నువ్వు సెప్పింది సాంబ్రాణి గురించమ్మా.”

“అన్నిటి గురించీ చెప్పాను. సరే, అయిందేదో అయింది. దిలీప్, రేపు పొద్దున్న అత్తయ్యకి మంచం వస్తోంది. తల వైపు పైకి లేచేది, ఆస్పత్రుల్లో ఉంటుందే, అది. కూర్చున్నంతసేపు కూర్చుంటారు, తరవాత ఒకే పక్కకి పడుకుంటారు. వీపు ఒరుసుకుపోతోంది. ఈ కిటికీ పక్కన వేస్తేనే కాస్త గాలి. కాబట్టి ఈ బల్ల ఇక్కణ్ణుంచి లేవాలి. బాగవుతుందంటే చెప్పు, హాల్లో ఎక్కడో సర్దుతాను. అవదంటే అదీ చెప్పు, పాత సామాన్లు కొనే కబాడీవాణ్ణి పిలుస్తాను.”

“మంచం ఆ గదిలో పట్టదేటమ్మా?”

“కొలిచాం కదా మావయ్యా. టేపు మీరే పట్టుకున్నారు.”

“అది బట్టలు కొలిసే టేపు. మంచాలకి పనికిరాదు.”

“డాక్టరుగారు ఏమన్నారో మీరూ విన్నారు.”

“ఇన్నాను. ఆయనకి ముప్పయ్యేళ్ళుండవు. పెల్లి కూడా అవనేదు. ఆయనకేటి తెలుస్తాది ఆడమనిసి సంగతి?”

“ఇంక ఉన్నది జాగ్రత్తగా చూసుకోవడమే, బాగవడం అంటూ ఉండదు అన్నారు. పెళ్ళయితే వేరేలా అంటారా?”

“కొంచెం మెత్తగా అందుడు.”

“అక్కా, నన్ను ఇంకాస్త చూడనివ్వండి. ఇప్పుడే అవదనలేను.”

“అదిగో. అవదని ఎందుకంటాడమ్మా? ఫైలిన్ తుఫానుని తట్టుకున్న మెషినిది. దిలీపూ, నీకు సెప్పనేదు కదూ. ఆ గాలికి ఎదరింటి ప్లాస్టిక్కు ట్యాంకు ఎగిరొచ్చి మా డాబా మీద దిగింది. నీల్లతో సహా. పట్టుకుపొండి అంటే, ‘ఉంచండి మౌసా, మీ డాబాకే బాగా నప్పింది’ అన్నారు. ఊరంతా సీకటి. వారాలు కరెంటు నేదు. ఇది మాత్రం నడిసింది.”

“కరెంటు లేకుండా?”

“నేకుండా.”

“ఎలా నడిచింది?”

“అలవాటు మీద.”

“యూపీఎస్ మీద దిలీప్. అయిదు నిమిషాలు నడిచి ఆగింది.”

“ఆ అయిదు నిమిషాల్లో మీ అత్త ముగ్గేసింది. దీపం నేని ఊల్లో ముగ్గున్న ఇల్లు మాదొక్కటే. అదెందుకు సెప్పవు?”

“అది నిజమే. వేశారు. ఊరికే ఒక చిన్న చుక్కల ముగ్గు. గాలి ఆగాలని.”

“ఆగింది కదా.”

“ఆగింది మావయ్యా.”

“మౌసా, ఇలా కూర్చోండి. నేను రెండు దారులూ చెప్తాను, వినండి. దీన్నే బాగుచెయ్యాలంటే బోర్డు మార్చాలి. ఇవిగో, ఈ గొట్టాల్లాంటివి చూశారా, పుట్టగొడుగుల్లా ఉబ్బిపోయాయి. పసుపునీళ్ళు పడకపోయినా ఇంకో యేడాది నడిచేది కాదు.”

“అంటే తప్పు నాది కాదన్నమాట.”

“మీరు తొందరపెట్టారు, అంతే. ఇలాంటి బోర్డు ఇప్పుడెవరూ చెయ్యరు. పాత సామాన్ల దుకాణంలో దొరికినా, అదీ దీని ఈడుదే. కొత్త బోర్డు వేస్తే పాత ర్యాము పట్టదు. ర్యాము మార్చాలి. దానికి ప్రాసెసరు మార్చాలి. అన్నీ మార్చాక మీ పాత విండోస్ దాని మీద నడవదు. చివరికి మిగిలేది ఈ రేకు డబ్బా.”

“రైల్వేలో అలగే సేస్తాం. సక్రాలు మార్సి, స్ప్రింగులు మార్సి, పై కప్పు మార్సి, పాత నంబరే రాసి పంపుతాం. ఓవర్‌హాలంటాం దాన్ని.”

“ఎక్కేవాళ్ళకి తేడా తెలీదా?”

“తెల్దు.”

“మౌసీకి తెలుస్తుంది కదా. చీపురు పైకి పోతుంది.”

“…అవును.”

“రెండో దారి కొత్తది కొనడం. అక్కడా అంతే.”

“మూడోది?”

“అక్క చెప్పిందే. కబాడీ.”

“నేను కావాలని అనడం లేదు దిలీప్. ఆ బల్ల దగ్గర అత్తయ్యని కూర్చోబెట్టి, జడ వేస్తూ ఎన్ని ముగ్గులు చూశానో నాకే తెలుసు. కానీ ఇప్పుడు…”

“ఇప్పుడు మంచం వొస్తంది. తెలుసు తల్లీ. దిలీపూ, లోపల ముగ్గులున్నాయి కదా, అయ్యైనా దక్కుతాయా?”

“డిస్కు తీశాను. నా లాప్‌టాప్‌కి తగిలిస్తున్నాను. శబ్దం బాగాలేదు… ఆగండి. వస్తోంది. వచ్చింది.”

“ఏవీ?”

“చాలా ఉన్నాయి. అబ్బ, మౌసా. ఇది మౌసీ వేసిందేనా? నెమళ్ళు?”

“హంసలు. నీకు ముగ్గు సదవడం రాదు.”

“మూలన గీత ఉంది.”

“సెప్పినాను కదా. ఎలక.”

“…ఉంది నిజంగానే. అక్కా, చూడండి.”

“చూశాను దిలీప్. ఇది స్నేహ పుట్టినరోజుకి వేసింది. ఇదేమో రథం ముగ్గు, ఇంకా కుంకుడు గింజ అంత చుక్కలు పెట్టేవారు అప్పట్లో. ఇది… సరే, తియ్యి. మూసెయ్యి.”

“మా అమ్మకి పంపుతాను. పొలసరలో మా అమ్మా ఇలాగే, నడుం పోయి మంచం ఎక్కింది. ఝొటి వెయ్యలేనని రోజూ మా వదినని తిడుతుంది.”

“తిడతందా?”

“గట్టిగా.”

“అదృష్టవంతుడివి.”

“అన్నీ పెన్ డ్రైవులో వేసిస్తాను మౌసా. ఇంక ఇవి పోవు.”

“ఏసినయి పోవు. బాగుంది. ఏసే మనిసికి సోటేదీ?”

“మావయ్యా, ముగ్గులు దొరికాయి కదా. ఇంక చాలనుకుందాం. కొత్తది తెచ్చినా, పాతదే బాగుపడినా, అత్తయ్య…”

“అరుణా, పాలు పొంగుతన్నాయి సూడమ్మా.”

“పొయ్యి మీద పాలు లేవు మావయ్యా.”

“అయితే పెట్టు. పొంగుతాయి.”

“ఆ అబ్బాయికి ఒక మాట చెప్పేస్తే…”

“నాను సెప్తన్నాను కదమ్మా. ఇందాకట్నుంచీ సెప్తూనే ఉన్నాను.”

“అక్కా, ఒకటడుగుతాను. మౌసీ నిజంగా రోజూ అడుగుతారా, ఈ పెట్టెని?”

“అదేంటి దిలీప్, అలా అడిగావు?”

“ఇది పాడయి నెలలైంది కదా. అడిగినప్పుడల్లా ఏం చెప్పి ఊరుకోబెడుతున్నారో అని.”

“వినబడుతుంది. మధ్యాహ్నం వంటింట్లో గిన్నెలు సర్దుకుంటుంటే వినబడుతుంది, ‘పెట్టె యెలిగించు’ అని. ఇది పాడయ్యాక కూడా.”

“ఇన్నావా? కోడలే సెప్పింది. మరి నా మాట నమ్మవు.”

“నేను లోపలికి వెళ్తాను మావయ్యా. అత్తయ్యకి దుప్పటి మార్చాలి.”

“అక్క కళ్ళు తుడుచుకుంటోంది మౌసా.”

“ఉల్లిపాయలు.”

“దుప్పటి మార్చడానికి వెళ్ళింది.”

“మా యింట్లో అన్నిటికీ ఉల్లిపాయలే. నువ్వు సామాను సర్దుకో. ఎంత సేపని కూకుంటావు? అవదన్నావు, నాను ఇన్నాను. అయిపోయింది.”

“ఉండండి. అక్క అంతగా చెప్పాక ఊరికే వెళ్ళలేను. ఒకటి చూస్తాను. ఆ పాత పెయింటు ప్రోగ్రాము ఈ డిస్కులోనే ఉంది. దాన్ని ఎత్తి నా లాప్‌టాప్‌లో పెడతాను. నడవొచ్చు.”

“నడవదు.”

“మీకెలా తెలుసు?”

“ఆయుస్సు తీరిందాన్ని ఎక్కడ పెట్టినా నడవదు. అయిదో తరగతిలోనే సెప్పినారు మాకు.”

“మౌసా.”

“ఊఁ.”

“నడిచింది.”

“ఏది?”

“చూడండి. చీపురు ఎడం పక్క. రంగులు కింద. ఇదిగో మీ చెంబు. ఇది మసిగుడ్డ.”

“ఉండు, కల్లద్దాలు పెట్టుకోనీ.”

“అదే వాకిలి.”

“అవును. అదే.”

“సంతోషం లేదేటి మీకు?”

“సంతోషవే. టీ సల్లారిపోయింది, అంతే.”

“మౌసా, ఇంక బల్లే అక్కర్లేదు. చిన్న లాప్‌టాప్ ఒకటి తెద్దాం, ఇది అందులో పెడదాం. అక్క మంచం కిటికీ పక్కన వేసుకుంటుంది. మౌసీ ఆ మంచం మీదే, తల వైపు పైకి లేపుకుని, గాలి తగులుతుంటే ముగ్గు వేసుకుంటారు. ఒక్కసారి తీసుకురండి ఆవిణ్ణి. ఒక చుక్క పెట్టించి చూద్దాం.”

“ఇప్పుడొద్దు.”

“ఎందుకు?”

“నిద్దరోతంది.”

“ఇందాక చేతులు కడుక్కోడానికి వెళ్ళినప్పుడు చూశాను. కూర్చునే ఉన్నారు.”

“కూకునే నిద్దరోతాది.”

“కళ్ళు తెరిచే ఉన్నారు. గోడ చూస్తున్నారు.”

“నీకు షాపు నేదేటి దిలీపూ? జనం వొచ్చి ఎల్లిపోతారు.”

“లేవగానే ముందు పెట్టె అడుగుతారన్నారు. లేచి అంతసేపైంది. ఇంకా అడగలేదేటి?”

“కొత్త మనిసున్నాడని.”

“అయితే నేను వీధిలోకి వెళ్తాను.”

“కూకో.”

“లేదా లాప్‌టాపే పట్టుకెళ్ళి మౌసీ ముందు పెట్టేస్తాను. అదేం బరువు కాదు.”

“కూకోమన్నాను కదా.”

“మీరు అడిగిందే దొరికింది మౌసా. ఇంక అడ్డం ఏటి?”

“దొరకడమే అడ్డం. నువ్వు దొరకదంటావనుకున్నాను. ఊల్లో అందరూ అదే మాటన్నారు. సుకంగా ఉంది ఆ మాట. ఇది పాడయి ఉన్నన్నాళ్ళూ తప్పు పెట్టెది. పెట్టె నేక ముగ్గెయ్యట్లేదు అనుకోవచ్చు. నువ్వు బాగుసేసి దాని ముందర పెడితే, మరి ఆ తరవాత ఏటనుకోవాల నాను?”

“నాకు అర్థం కావట్లేదు.”

“అవుతాది. ఈ పూట నీకు సానా సెప్పినాను. కలెక్టర్ని నానే ఎనక్కి పంపేసినాను. ట్యాంకు నిజంగానే ఎగిరొచ్చింది, మెట్లెక్కి సూడు. ఎలక గీత నీ కల్లతో నువ్వే సూసినావు. కుంకం, గంధం, నూనె, అన్నీ నిజాలే. నాను పుట్టించిన ముక్క ఒక్కటే ఉంది ఇందులో.”

“ఏది?”

“అది అడుగుతాదన్నది. ఇది పాడవకముందే మానేసింది. ఎలిగించి ముందర కూకోబెట్టినా గోడని సూసినట్టే సూసీది. మద్దేనం లెగిసి అలగే సూస్తాది. అప్పుడు నాను గుమ్మం కాడ నిలబడి, దాని గొంతు పెట్టి, ‘ఏవయ్యా, పెట్టె యెలిగించు’ అని నానే అంటాను. మల్లీ నా గొంతుతో నానే, ‘వొస్తన్నానే’ అంటాను.”